మొదటి పగడము

“జైనూరులో ఉప్పునీటి తొట్టియా!” అని మా మిత్రులందఱును నవ్విరి. నవ్వదగిన మాటయే. మాయూరు కొమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో కొండల నడుమ నున్నది. ఎటు చూచినను టేకుచెట్లు, పత్తిచేలు, గోండుగూడెములు. సముద్రమో, నాలుగువందల కిలోమీటర్లకు మించిన దూరమున నున్నది. మా పాఠశాలలో సముద్రమును కన్నులార చూచిన పిల్లలను వ్రేళ్ళపై లెక్కింపవచ్చును. అట్టి చోట అద్దపుతొట్టిలో సముద్రపునీటిని కల్పించి, అందులో ప్రాణముగల పగడమును పెంచుటకు నలువది యెనిమిదేండ్ల పంతులొకడు పూనుకొన్నచో లోకము నవ్వక యేమి చేయును? మేమును వారితో కలసి నవ్వితిమి. కాని యీ పనికి మూలమైన సంగతిని మాత్రము వారితో చెప్పలేదు, చెప్పుటకు సిగ్గుపడితిమి. ఆ సంగతినే నేడు చదువరుల యెదుట నుంచుచున్నాము.

మాకొక్కతే కూతురు. హైదరాబాదులో జంతుశాస్త్రమున ఎమ్మెస్సీ చదువుచున్నది. గడచిన సంవత్సరము వేసవిలో ఆమెకొక సంబంధము వచ్చినది. చదువు పూర్తియైన పిదపనే పెండ్లి యని మేము చెప్పగా వారందులకు సమ్మతించిరి. అంతవఱకు బాగుగనే యుండెను. పిమ్మట జాతకము నడిగిరి. చూచి, కుజుడు సప్తమమున నున్నాడనియు, అమ్మాయి పగడము ధరించినచో దోషము శాంతించుననియు వర్తమానము పంపిరి.

కుజదోషమును గూర్చి మేము పాఠశాలలో ఎన్నిమారులు మాటాడితిమో చెప్పలేము. అప్పుడు చెప్పు లెక్కను మాత్రము ఇచట చెప్పుదుము. జాతకచక్రమున పండ్రెండు గదులు. మన ప్రాంతమున రెండు, నాలుగు, ఏడు, ఎనిమిది, పండ్రెండు అను ఈ యైదింటిలో కుజుడున్నచో దోషమందురు. పండ్రెండింటిలో నైదనగా, నలువది యెనిమిదిమంది పిల్లలున్న తరగతిలో ఇంచుమించుగా ఇరువదిమందికి దోషము. లగ్నమునుండియే కాక చంద్రునినుండియు, శుక్రునినుండియు కూడ లెక్కించినచో దోషము లేనివారిని దీపము పెట్టి వెదకవలసివచ్చును. ఇంతమందికి కలుగునది దోషమెట్లగును? మనుష్యజాతికి అదియొక లక్షణమగును గాని.

ఈ లెక్కను నల్లబల్లపై వ్రాసి పిల్లలచేత చప్పట్లు కొట్టించుకొన్న మేమే, ఆ వర్తమానము వచ్చిన మూడవనాడు కరీంనగరమునకు బస్సెక్కితిమి. మా తల్లి పోరుట నిజము. మా భార్య కంటతడి పెట్టుట నిజము. అయినను బస్సెక్కినవారము మేమే. నగలదుకాణమున రెండుగంటలు కూర్చుండి, మచ్చలేనిదియు దొండపండువలె నెఱ్ఱనైనదియు నగు పగడమొకటి యేరి, బంగారమున పొదిగించి తెచ్చితిమి. పదునైదు దినములకు కట్నముమాట వచ్చెను. అందు మేము లొంగలేదు. సంబంధము తప్పిపోయెను, ఉంగరము మిగిలెను. పెద్దమొత్తము పోవుచోట మాకు ధైర్యము వచ్చినది. చిన్నమొత్తముతో తీఱిపోవుచోట రాలేదు. సంస్కారమును గూర్చి ఉపన్యసించువారు తమ ధైర్యమును ఇట్లొకసారి తూచుకొనుట మంచిదని తోచుచున్నది.

దసరా సెలవులకు మా అమ్మాయి యింటికి వచ్చినది. మా తల్లి పూజాపెట్టెనుండి ఉంగరము తీసి మనుమరాలి చేతిలో పెట్టెను. పిల్ల దానిని అటునిటు త్రిప్పి చూచి, మా వైపు తిరిగి, “బాపూ, ఇది దేని బొక్కనో ఎరుకేనా?” అని యడిగినది.

మేము నవ్వి యూరకుంటిమి. ఆమె మాత్రము నవ్వలేదు. మా పాఠశాల ప్రయోగశాలనుండి పలుచని ఆమ్లమును గాజుగొట్టముతో తెచ్చి, ఉంగరమును బోర్లించినది. గ్రహశాంతికి ధరించు ఉంగరములలో రాయి వ్రేలికి తగులవలెనని అడుగుభాగము తెఱచి యుంతురు గదా, అచట నొక్క బొట్టు విడిచినది. సన్నని బుడగలు లేచినవి. మేము తరగతిలో సుద్దముక్కపై ఆమ్లము పోసి చూపు బుడగలే అవి. సుద్దయు, పెన్‌గంగ ప్రాంతమున మన జిల్లాలవారు త్రవ్వు సున్నపురాయియు, నవరత్నములలో చేరిన పగడమును పదార్థముచేత నొక్కటియే. ఆ సున్నపురాయియు ఒకనాటి సముద్రగర్భమున పేరుకొన్నదే. పగడపుజీవులు భూమిపై పుట్టక మునుపటి మాట అది. అనగా మా కొండల దాపునకు సముద్రము ఎన్నడో వచ్చి వెళ్ళినది. మేమే దాని నెఱుగము.

“రెండు గంటలు కూసుండి రంగు చూసినవు, బరువు చూసినవు. ఇదేందో మాత్రం అడుగలే” అని పిల్ల అన్నది. ఆ మాటకు మావద్ద సమాధానము లేకపోయెను.

నిజమునకు మేము అడుగకపోవుటలో వింత లేదు. మాకు ముందు ఎందఱో అడుగలేదు. మేము చదివిన సంస్కృతమున పగడమును విద్రుమమందురు, ప్రవాళమందురు. అమరకోశమున ఈ రెండును పర్యాయములు. ద్రుమమనగా చెట్టు, ప్రవాళమనగా లేజిగురు. మాటలే దానిని వృక్షజాతిలో చేర్చినవి. ఐరోపా పండితులకును ఇట్టి భ్రమయే యుండెను. పదునెనిమిదవ శతాబ్ది యారంభమున మార్సిగ్లీ యను ఇటలీ దేశీయుడు, అప్పుడే తీసిన పగడపుకొమ్మను సముద్రపునీటిలో నుంచగా తెల్లని పువ్వులు విచ్చుకొన్నవని ప్రకటించెను. పువ్వులున్నవి గనుక చెట్టే యనిరి. పిమ్మట పెయ్సొన్నెల్ అను ఫ్రెంచి వైద్యుడు, అవి పువ్వులు కావు, నోరును స్పర్శబాహువులును గల జంతువులని వ్రాసెను. ప్యారిస్ పండితసభలో ప్రముఖుడైన రయోమూర్ 1727లో ఆ వ్రాతను సభకు వినిపించుచు, వ్రాసినవాడు నవ్వులపాలగునేమో యని అతని పేరు దాచెను. పదునైదేండ్లకు లోకము పెయ్సొన్నెల్ మాటయే నిజమని తెలిసికొనెను. రయోమూరును తన పొరపాటు నొప్పుకొని అచ్చువేయించెను. ఒప్పుకొనుటలో నున్న గౌరవమును మేము ఆ కథవలననే మఱల నేర్చుకొంటిమి.

మన ఉంగరములలోని ఎఱ్ఱపగడము ప్రధానముగా మధ్యధరా సముద్రపు జీవి. రోమనులు మన ముత్యములకై ప్రాకులాడినట్లే భారతీయులు వారి పగడములకై ప్రాకులాడుదురని మొదటి శతాబ్దియందే ప్లినీ వ్రాసెను. 1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవున వేయించిన అభయశాసనమున సుంకము గట్టవలసిన సరకులలో పగడమును కలదు. ఓడలెక్కి వచ్చిన యా పగడము ఓరుగల్లును దాటి, మా యాడువారి పుస్తెలతాటిలో నల్లపూసల నడుమ చేరినది. ఎఱ్ఱపగడపుకొమ్మ సంవత్సరమునకు అర మిల్లీమీటరైనను లావెక్కదు. మేము రెండు గంటలలో ఏరిన యా గింజ లావగుటకు ఎన్ని యేండ్లు పట్టినదో చదువరులే ఊహించుకొనవలెను. కుజునికిని దానికిని గల సంబంధమెల్ల ఎఱ్ఱదనము మాత్రమే.

మఱునాడు మా అమ్మాయి యొక షరతు పెట్టినది. చచ్చిన పగడమును ధరింపవలెనన్నచో ముందు బ్రదికినదానిని ఇంట పెంచి చూడవలెనట. మేము వెంటనే ఒప్పుకొంటిమి. తప్పు దిద్దుకొనుటకు ఇంత సులభమైన దారి దొరకినదని సంతోషించితిమి. అది సులభము కాదని పిమ్మట తెలిసినది.

మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు గల తొట్టి కట్టించితిమి. నూట యెనుబది లీటర్ల నీరు పట్టును. మా బోరునీటిలో ఖనిజములు ఎక్కువ గనుక వడపోతయంత్రముచే శుద్ధమైన నీటినే వాడవలెను. లీటరునకు ముప్పదియైదు గ్రాముల చొప్పున, తొట్టి నిండుటకు ఆరు కిలోలకు పైగా ఉప్పు కావలెను. అది వంటింటి ఉప్పు గాదు. కాల్షియము, మెగ్నీషియము మొదలైన ఖనిజములు సముద్రములో నున్న పాళ్ళలో కలిపిన ప్రత్యేకమైన ఉప్పు. ఇవియన్నియు డబ్బుతో కొనదగినవి. కొనరానిది మఱియొకటి కలదు, అది కాలము.

క్రొత్తగా నింపిన తొట్టి చూచుటకు ఎంత స్వచ్ఛముగా నున్నను ప్రాణులకు నివాసయోగ్యము కాదు. చేప విసర్జించు మలము, మిగిలిన ఆహారము క్రుళ్ళగా అమ్మోనియా పుట్టును. అది విషము. ఒకజాతి సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగా మార్చును, అదియు విషమే. మఱియొక జాతి దానిని నైట్రేటుగా మార్చును. అది కొంత సహింపదగినది. ఈ రెండు జాతులును రాళ్ళపై ఇసుకపై స్థిరపడుటకు నాలుగునుండి ఆరు వారములు పట్టును. ఈ సంగతిని మా అమ్మాయి కాగితముపై వ్రాసి గోడకు అంటించి, నెలన్నరవఱకు పగడము తేవలదని చెప్పి, సెలవులు తీఱగా హైదరాబాదు వెళ్ళినది.

మేము పండ్రెండవ దినముననే తెచ్చితిమి. హైదరాబాదులో పనిమీద పోయి, అలంకారపుచేపలమ్ము దుకాణమొకదానిలో అడుగుపెట్టుటయే తప్పైనది. నీలికాంతిలో పగడములు వెలుగుచుండెను. మొదట మాకు చూపినది కొమ్మలుగల రాతిపగడము. దానివెల విని వెనుదీసితిమి గాని, చట్టమెఱిగి కాదు. పిమ్మట తోలుపగడమును చూపిరి. గొడుగువంటి తలపై వేలకొలది చిన్నచేతులు ఊగుచుండెను. “మొదటిసారి పెంచువారికి ఇదియే తగినది, చావదు” అని దుకాణమువా డన్నాడు. చావదను మాటను మేమెట్లు నమ్మితిమో తెలియదు. ప్లాస్టికుసంచిలో నీటితో కట్టించి, సంచిని తువాలులో చుట్టి, ఒడిలో పెట్టుకొని రాత్రియంతయు బస్సులో వచ్చితిమి.

రెండు దినములు బాగుగనే విచ్చుకొన్నది. మూడవనాడు ముడుచుకొన్నది. తోలుపగడము అప్పుడప్పుడు మైనమువంటి పొర విడుచుటకు కొన్నిదినములు ముడుచుకొనునని చదివియున్నాము గనుక ధైర్యముగా నుంటిమి. కొంచెము తెలిసినవాని ధైర్యము అట్లే యుండును. ఐదవనాటి యుదయమున తొట్టిగదినుండి కుళ్ళువాసన వచ్చినది. అది కరగి, ముట్టుకొన్న చేతికి జిగురుగా నంటుకొన్నది. నీటిని పరీక్షింపగా అమ్మోనియా సూచించు పచ్చరంగు తేలినది. ఆ పరీక్ష ముందు చేయవలసినది, ఐదునిమిషముల పని. మా తల్లి తలుపువద్ద నిలిచి, “ప్రాణమున్నదాన్ని ఎందుకు తెచ్చినవు కొడుకా” అన్నది. దుకాణమువానిని నిందింపబోయి ఆగితిమి. పెద్దపగడము విషయమున రంగు చూచి కొంటిమి. చిన్నపగడము విషయమునను రంగే చూచి కొంటిమి. రెండింటికిని కొనినవాడొకడే.

ఫోనులో ఈ సంగతి వినినపుడు మా అమ్మాయి కోపపడలేదు. సంక్రాంతి సెలవులకు వచ్చి, ఈసారి ఇద్దఱమును కలిసి యెన్నుకొందమన్నది. ఎన్నుకొనుటకు ముందు చదివితిమి. ఆ చదువులో తెలిసిన సంగతులను ఈ దారిన రాదలచిన గృహస్థులకై వివరింతుము.

మొదటిది చట్టము. 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో, 2001లో, రాతిపగడములనన్నిటిని చేర్చిరి. వానితోపాటు నల్లపగడములు, అగ్నిపగడములు, ఆర్గన్‌పైప్ పగడము, సముద్రపు విసనకఱ్ఱలనబడు గోర్గోనియనులు కూడ చేరినవి. మా యడవులకు ఆనుకొని కవ్వాల పులుల అభయారణ్యము కలదు. ఆ పెద్దపులి ఏ షెడ్యూలులో నున్నదో రాతిపగడమును అందే యున్నది. పులితోలును గోడకు తగిలించుకొనుటకు సంకోచించు గృహస్థుడు రాతిపగడమును బల్లపై పెట్టుకొనుటకు సంకోచింపడు, తెలియకపోవుటయే కారణము. ఈ రక్షణ యేల యన్నచో, మన్నారు సింధుశాఖలో దశాబ్దములపాటు పగడపురాళ్ళను త్రవ్వి సున్నము కాల్చిరి. అచటి ఇరువదియొక్క దీవులలో రెండు నీటమునిగినవి. పగడపుగుట్ట అలల నాపు గోడ. గోడ తీసినచో ఇల్లు నిలువదు. అమెరికాలోను ఇంగ్లండులోను అచ్చైన పుస్తకములు మొదట పెంచుటకు రాతిపగడములలోను కొన్నింటిని సూచించును. ఆ సలహా మనకు చెల్లదు.

రెండవది ఆహారము. పగడము జంతువేయైనను, దాని దేహమున సూక్ష్మమైన నాచు నివసించును. ఆ నాచు వెలుతురుతో ఆహారము వండి యింటివానికి పంచును. ఇంటివాడు దానికి నీడనిచ్చును. కనుక పగడమును కొనుట యనగా దీపమును కొనుటయే. రాతిపగడములలో పెక్కింటికి తీక్ష్ణమైన కాంతి, నీటిలో తగ్గని కాల్షియము, స్థిరమైన క్షారత కావలెను; అవి అనుదినమును ఎముక కట్టుకొనుచుండును గదా. ఎముకలేని మెత్తని జాతులకు ఇంతటి సేవ అక్కఱలేదు. చట్టము వలదన్నవే ప్రారంభకునిచేత తఱచుగా చచ్చునవి. చట్టమును అనుభవమును ఇట్లు ఏకీభవించుట అరుదు.

మూడవది ఇంటిలోని మనుష్యులు. జోయాంథిడ్లు అను జాతి మిగుల అందమైనది, సులభముగా బ్రదుకును. కాని వానిలో కొన్నింటియందు పాలిటాక్సిన్ అను ఘోరవిషము కలదు. ఆ జీవులున్న రాతిని వేడినీట ఉడికించుట, వట్టిచేతులతో గీకుట ప్రాణాపాయకరము. పిల్లలు వచ్చిపోవు ఇల్లు గనుక మేము దానిని వలదంటిమి. ఆకుపచ్చ నక్షత్రములవంటి పాలిప్‌లుగల జాతియు, చేతులు ముడిచి తెఱచుచుండు జీనియాయు సులభముగా పెరుగునట. అయితే అవి తొట్టియంతయు ఆక్రమించును. సులభముగా పెరుగుటయే వాని దోషము.

తుదకు మష్రూమ్ కోరల్‌ను ఎన్నుకొంటిమి. పుట్టగొడుగు పగడమందుము. ఇది రాతిపగడములకు దగ్గఱి చుట్టమేయైనను ఎముకలేనిది. మందమైన వెలుతురున, మెల్లని ప్రవాహమున, తొట్టి యడుగున కూర్చుండును. నీటిలో కొంత నైట్రేటున్నను ఓర్చుకొనును. తనంత తాను చీలి రెండగును. సముద్రమునుండి పెఱికినదానిని కొనక, హైదరాబాదులో తొట్టి పెంచుచున్న యొక గృహస్థునియింట చీలినదానిని తెచ్చితిమి. అర్ధరూపాయి బిళ్ళంత యున్నది. రంగు మాసిన ఇటుకరంగు. దుకాణమున నున్నచో మేము రెండవమారు చూచియుండము.

ఈసారి అమ్మోనియాయు నైట్రైటును సున్నయని వరుసగా పదిదినములు పరీక్షించి, పిదపనే దింపితిమి. మొదట నీడలో నుంచి, వెలుతురును కొంచెము కొంచెముగా పెంచితిమి. మూడవనాడు అంచులు విప్పినది. మా భార్య పొయ్యిమీది పాలు మఱచి వచ్చి చూచినది.

తరువాత వేసవి వచ్చెను. పగడములకు ఇరువదినాలుగునుండి ఇరువదియేడు డిగ్రీల వేడిమి హితము. మా జిల్లాలో వేసవిని నలువదియైదు దాటుదినములు కలవు. శీతకాలమున పదింటికి దిగువకు దిగు రాత్రులును కలవు. శీతకాలమున హీటరు, వేసవిని నీటిపై గాలి విసరు పంకాలు పెట్టితిమి. నీరు ఆవిరియగుచు చల్లబడును. కాని నీరే పోవును, ఉప్పు పోదు. కనుక తగ్గినమేర మంచినీటినే పోయవలెను. ఉప్పునీరు పోసినచో లవణము పెరిగి ప్రాణి చచ్చును. ఒకనాడు మధ్యాహ్నము విద్యుత్తు పోయి నాలుగుగంటలు రాలేదు. మేము పాఠశాలలో నుంటిమి. ఇంటికి వచ్చి చూడగా, డెబ్బదియారేండ్ల మా తల్లి కుర్చీ వేసికొని తొట్టియొద్ద కూర్చుండి తాటాకు విసనకఱ్ఱతో నీటిపై విసరుచున్నది. “ఉడుకకు ముడుసుకున్నది బిడ్డా, పానం ఉన్నదే కదా” అన్నది. మాకు మాట రాలేదు.

సముద్రమునకు మాత్రము విసరువారు లేరు. వేసవి గరిష్ఠమునకు ఒక్క డిగ్రీ మించి కొన్నివారములు నిలిచినచో పగడములు తమలోని నాచును వెడలగొట్టి తెల్లబడును. ప్రపంచవ్యాప్తముగా ఇట్టి తెల్లబాటు 1998లోను, 2010లోను, మఱల 2014 మొదలు 2017 వఱకును కలిగెను. నాలుగవది నడచుచున్నదని 2024 ఏప్రిలులో శాస్త్రజ్ఞులు ధ్రువపఱచిరి. సముద్రతలమున నూటికొక్కపాలైనను ఆక్రమింపని పగడపుగుట్టలు సముద్రజీవజాతులలో సుమారు నాలుగవవంతునకు ఆశ్రయము. ఈ మాటను పుస్తకమున చదువుట వేఱు. అర్ధరూపాయంత ప్రాణి ఉక్కకు ముడుచుకొనుట చూచి చదువుట వేఱు.

వర్షకాలమున మా తరగతి పిల్లలను ఇంటికి పిలిచి తొట్టిని చూపితిమి. గోండుగూడెమునుండి వచ్చు బాలుడొకడు చాలసేపు చూచి, “సార్, మన సముద్రంల ఇవి ఉండయా?” అని యడిగినాడు. మంచి ప్రశ్న. లక్షదీవులలోను, అండమానులోను, మన్నారు, కచ్ఛ సింధుశాఖలలోను గుట్టలున్నవి. తెలుగుతీరమున విశాఖప్రాంతపు రాళ్ళపై అక్కడక్కడ పగడములు కలవు గాని గుట్టలు లేవు. కారణము నదులు. గోదావరీకృష్ణలు తెచ్చు మంచినీరు ఉప్పును పలుచన చేయును. ఒండ్రు వెలుతురును మూసివేయును. మా కొండలవాగులన్నియు తుదకు గోదావరిలోనే కలియును. “మన జైనూరు మట్టియు అందులో కొంత యున్నది” అని చెప్పగా, ఆ బాలుడు కిటికీనుండి ఎఱ్ఱగా పాఱుచున్న వాననీటిని చూచెను. సముద్రము దూరముననే యున్నది గాని దానికి మనము దూరముగా లేమని వానికి తోచియుండును.

ఇక మిగిలినది ఉంగరము. అది మా తల్లి పూజాపెట్టెలో నేటికిని ఉన్నది. ఆమె విశ్వాసము మాఱినదని చెప్పజాలము. మేమును మార్పుమని వాదింపలేదు. విసనకఱ్ఱ పట్టిన చేతితో వాదించుటకు మాకు నోరు రాదు. మారవలసినవారము మేమే యుంటిమి.

శ్రావణమున మఱియొక సంబంధము వచ్చినది. వారును జాతకము నడిగిరి. ఆ రాత్రి మాకు నిదురపట్టలేదు. ఒక్కతే పిల్ల, మంచి కుటుంబము, ఒక కాగితము పంపుటలో నేమున్నదని మనస్సు మెల్లగా నచ్చజెప్పుచునే యుండెను. కరీంనగరము బస్సు మఱల కన్నులయెదుట కదలినది. తెల్లవాఱి అమ్మాయితో మాటాడి ఉత్తరము వ్రాసితిమి. పిల్ల చదువును, ఆరోగ్యమును, అభిప్రాయమును గూర్చి ఏమడిగినను చెప్పుదుము. వరుని విషయమున మేమును అవే అడుగుదుము. జాతకము మాత్రము పంపము అని. మా తల్లికి చదివి వినిపించియే పంపితిమి. ఆమె యేమియు అనలేదు. కొంతసేపటికి తొట్టివైపు చూచి, “దానికింత మేత ఏసినవా?” అని మాత్రము అడిగినది. ఆ ఉత్తరమునకు ఇంకను ప్రత్యుత్తరము రాలేదు. రాకపోవచ్చును. దానికిని మేము సిద్ధపడితిమి.

పుట్టగొడుగు పగడము గతమాసమున నడుమ నొక్కుబడి, క్రమముగా రెండైనది. రెండును నోరు తెఱచి బ్రదికియున్నవి. మొదట నవ్విన మిత్రులలో నొకరు రెండవదానిని తమకిమ్మని యడిగిరి. తొట్టి కట్టించుకొని, నెలన్నర ఆగి, అమ్మోనియా లేదని పదిదినములు వరుసగా చూపినచో ఇత్తుమని చెప్పియున్నాము.